నడిచేటోళ్లకు తొవ్వేది?

రింగురోడ్డు చౌరస్తాలను మార్చి కట్టేముందు జనం మాట వినాలని నల్లగొండలో అధికారులు సభ పెట్టారు. గోడమీది నక్షా చూసి స్వర్ణలత లేచి నిలబడింది. చీరలు నేసే ఆమె, మోకాళ్లు అరిగిన అత్తను పట్టుకొని వారానికి రెండుసార్లు దేవరకొండ రోడ్డు చౌరస్తా దాటి దవాఖానకు పోతుంది.

“సారూ, బండ్లకు తొవ్వ ఉన్నది. నడిచేటోళ్లకేది?”

“కొంచెం అవతల మెట్ల వంతెన వస్తుందమ్మా,” అన్నాడు ఇంజనీరు.

“మా అత్త మెట్లెక్కలేదు. జర మీరే వచ్చి ఆమెను దాటియ్యుండ్రి.”

ఎవరు కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. చివరికి ఇంజనీరు సరేనన్నాడు.

మర్నాడు ఆ చౌరస్తాలో స్వర్ణలత అత్త చెయ్యి పట్టుకొని ఆయన పావుగంట నిలబడ్డాడు. ఒక్క లారీ ఆగలేదు. అక్కడే నక్షా విప్పి, నడిచేవాళ్లకు సిగ్నల్ గుర్తు పెట్టాడు.

“కట్టేదాకా అడుగుతనే ఉంట సారూ,” అంది స్వర్ణలత.