అమావాస్య ప్రయాణాలు

సంతోషమ్మ 1949లో మెట్‌పల్లి దగ్గరి ఒక ఊరికి పంతులమ్మగా బదిలీ మీద వచ్చింది. బడి పద్మశాలీల వాడలో ఉంది. హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్లు ఉన్నాయి, బడిలో ఆడపిల్లలు లేరు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లో చూసినా మగ్గం మీద తండ్రి, రాట్నం ముందు కూతురు. కూతురు కండెలకు నూలు చుట్టి అందిస్తేనే తండ్రి చేతిలో నాడె ఆడుతుంది.

ఒకరోజు పొద్దున వాడలో మగ్గం చప్పుడు వినిపించలేదు. అడిగితే అమావాస్య అన్నారు. ఆ రోజు మగ్గం ముట్టరు. అంతకుముందు ఉన్న పంతులు ఆ రోజు బడికి కూడా తాళం వేసేవాడు.

తర్వాతి అమావాస్యకు సంతోషమ్మ రెండు కచ్చురం బండ్లు కట్టించి, ఆడపిల్లలను ఎక్కించుకుని గోదావరికి పోయింది. ఒడ్డున తొమ్మిదేళ్ల శంకరవ్వ నీళ్లను చూస్తూ నిలబడింది.

"గీ నీళ్లు యాడికి పోతయి పంతులమ్మా?"

"సముద్రానికి."

"సముద్రం ఎట్లుంటది?"

"చూపిస్త."

ఆ మాట అక్కడున్న పిల్లలందరూ విన్నారు.

బండెక్కాలంటే నెలంతా బడికి రావాలని సంతోషమ్మ షరతు పెట్టింది. పిల్లలు కోడి కూయకముందే లేచి కండెలు చుట్టి బడికి రాసాగారు. ఒక అమావాస్యకు బస్సులో పోయి పెద్దపల్లిలో రైలు చూశారు. ఇంకొక అమావాస్యకు శ్రీరాంపూర్‌లో బొగ్గు చూశారు. సముద్రం మాత్రం ఒక్క రోజులో పోయివచ్చే దూరంలో లేదు.

వేసవి సెలవుల్లో ఆమె ఒక్కతే తిరిగేది. మిషన్ బోర్డింగులో చదివే రోజుల్లో అంటిన అలవాటు అది, ఎనభై దాటాక కూడా పోలేదు. బొంబాయి చూసింది, ఢిల్లీ చూసింది, రామేశ్వరం చూసింది. తమ్ముడు యేసుదాసు ఎత్తిపొడిచేవాడు.

"అక్కా, రైలోళ్లకు పోసింది ఇటుకలకు పోస్తే ఈపాటికి ఇల్లు లేస్తుండె."

"ఇల్లు కదలదు గద తమ్మీ" అనేది ఆమె.

1968 చైత్రం వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకు సంతోషమ్మ రిటైర్ కావాలి. తర్వాత బడి పిల్లలను ఎక్కడికీ తీసుకుపోయే అధికారం ఉండదు. ఆమె వాడలో అందరినీ పిలిచి, అమావాస్య నాడు సముద్రానికి బయలుదేరుతున్నామని, అయిదు రోజుల ప్రయాణమని చెప్పింది.

నేతసంఘం పెద్ద కైలాసం లేచాడు. శంకరవ్వ ఇప్పుడు అతని భార్య. వాళ్ల కూతురు అనసూర్య బడిలో చదువుతోంది.

"అమావాస్య ఒక్క దినమే పంతులమ్మా. కడమ దినాలు కండెలు ఎవలు చుట్టాలె? నువ్వు చుడ్తవా?"

"నేను ఈడ ఉండ గద. సముద్రం కాడ ఉంట."

జనం నవ్వారు. కైలాసం నవ్వలేదు. "పిల్లల్ని పంపం. రైలు నువ్వొక్కదానివే ఎక్కు" అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి శంకరవ్వ లేచింది.

"పంతులమ్మ మాటిచ్చింది పిల్లలకు కాదు, నాకు. నేను పోత."

"నువ్వు పోతే బిడ్డ చుడ్తదా?"

"బిడ్డ గూడ వస్తది."

"మరి కండెలు?"

"నీకు చేతుల్లేవా?"

ఆమె వెనక, మొదటిసారి కచ్చురం ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. అందరూ ఇప్పుడు పిల్లల తల్లులు. ఆ వాడలో మగవాడు రాట్నం ముందు కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"మొగోడు రాట్నం తిప్పితే వాడంత నవ్వుతది" అన్నాడు కైలాసం.

అతని తండ్రి సిద్దిరాములు అరుగు మీద నుంచి అన్నాడు. "వాడల మొగోళ్లంత తిప్పితే నవ్వేటోడు ఎవడు మిగుల్తడురా?"

ఈసారి మగవాళ్లే ముందు నవ్వారు. వాళ్ల నవ్వు ఆగాక సంతోషమ్మ లేచింది.

"బస్సు పొద్దుగాల్నే. తలా ఒక చద్దర్ తెచ్చుకోండ్రి" అంది.

పెద్దపల్లిలో రైలెక్కారు. కాజీపేటలో, బెజవాడలో మారారు. నర్సాపురంలో దిగి లాంచీ ఎక్కారు. గోదావరి సముద్రంలో కలిసే చోట శంకరవ్వ మోకాలి లోతు నీళ్లలోకి దిగి దోసెడు నోట్లో పోసుకుంది.

"ఉప్పగున్నయి. ఇవి మన నీళ్లేనా?"

"మనయే."

"ఇన్నేండ్లు పట్టిందా ఈడికి వచ్చుటానికి?"

"నీళ్లకు పట్టలే. మనకు పట్టింది" అంది సంతోషమ్మ. అనసూర్య అప్పటికే నడుము దాకా తడిసింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కైలాసం రాట్నం ముందు ఉన్నాడు. శంకరవ్వ ఒక కండె తీసి వేలితో నొక్కి చూసింది.

"వదులుంది. మళ్ల చుట్టాలె."

"నీ సముద్రమేమో గని నా యేళ్లు కోసుకపోయినయి" అని కైలాసం చెయ్యి చాపాడు.

సంతోషమ్మ ఆ వేళ్లు చూసింది. "వచ్చే అమావాస్యకు నువ్వు గూడ రా" అంది.

అప్పటికి ఆమె రిటైర్ అయింది. ఈసారి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"యాడికి?" అన్నాడు కైలాసం.