థోరా పెట్టిన తీర్మానం

థోరా బ్యోర్న్‌సన్ ప్రొఫెసర్ కాదు. విన్నిపెగ్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగి. ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చి, సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికిన ఆడవాళ్ళు రాసుకున్న ఉత్తరాల కోసం పంతొమ్మిదేళ్ళు ఇల్లిల్లూ తిరిగింది. ఆ గొలుసుకట్టు రాతను అక్షరం అక్షరం విప్పి టైపు చేసి, అందరూ చదువుకునేలా వెబ్‌సైటులో పెట్టింది. పదకొండు వేల పేజీలు.

మే నెలలో విశ్వవిద్యాలయ డీన్ నుంచి రెండు వాక్యాల ఉత్తర్వు వచ్చింది. ఇది పరిశోధన కింద లెక్కకు రాదు. జూన్ ముప్పైన సర్వర్ ఆపేస్తున్నాం.

జూన్ మొదటి వారంలో డిజిటల్ మానవీయ శాస్త్రాల సంఘం వార్షిక సభ ఉంది. చరిత్ర, సాహిత్యం, భాషల మీద కంప్యూటర్ సాయంతో పనిచేసేవాళ్ళ సంఘం అది. ఈ ఏడు సభకు చోటిచ్చింది థోరా పనిచేసే విశ్వవిద్యాలయమే. ఇలాంటి పనిని అచ్చు పుస్తకంతో సమానంగా చూడాలని నియమావళి రాసింది ఆ సంఘమే. రాసిన కమిటీలో థోరా కూడా ఉంది.

అధ్యక్షుడు లియోనార్డ్ ఫ్రీజెన్‌ను కాఫీ బల్ల దగ్గర పట్టుకుంది.

"ఉత్తరం రాస్తాం థోరా, ఎందుకు రాయం? సభ కానీ. వాళ్ళ హాల్లో కూర్చుని వాళ్ళనే తిట్టమంటావా?"

"సభ అయ్యాక మీరంతా విమానాలెక్కి పోతారు. నియమావళి రాసినప్పుడు మీ గొంతు ఇంత సన్నగా లేదే!"

లియోనార్డ్ మొహం ఎర్రబడింది. కప్పు తీసుకుని పక్కకు వెళ్ళిపోయాడు. అంతా వింటున్న కార్యదర్శి క్లాడెట్ లాజిమోడియర్ దగ్గరకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి.

"చివరి అంశం 'ఇతర విషయాలు'. అప్పుడు ఎవరైనా లేవచ్చమ్మా, ఆయన అనుమతి అక్కర్లేదు. బలపరిచేవాళ్ళు ఒక్కరుంటే చాలు."

"ఎవరు బలపరుస్తారు?"

"ఏం, నేను చచ్చానా?"

మధ్యాహ్నం థోరా లేచింది. కాగితం మడిచి జేబులో పెట్టేసి, నోటితోనే చెప్పింది. సంఘం ఈ ఉత్తర్వును బహిరంగంగా ఖండించాలి. సభ్యులు ఆ ఉత్తరాల నకళ్ళు తీసుకుని తమ తమ సంస్థల్లో పెట్టాలి. క్లాడెట్ వెంటనే బలపరిచింది.

డీన్ తరఫున వచ్చిన ప్రిట్చర్డ్ అనే అధికారి చివాల్న లేచాడు. "అది మా ఆస్తి!"

"సర్వర్ మీది. ఉత్తరాలు ఆ కుటుంబాలవి. ఎవరైనా నకలు తీసుకోవచ్చని ఇంటింటివాళ్ళూ సంతకాలు పెట్టిచ్చారు. చూస్తారా?"

"తీర్మానం నెగ్గితే రేపు మీకు హాలుండదు. ఈ సాయంత్రం విందు కూడా ఉండదు."

హాలంతా గుసగుసలు. లియోనార్డ్ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఇక అయిపోయిందనుకుంది థోరా. వెనక వరుసలోంచి ఎవరో అరిచారు: "సభ విందులో కోడి నమిలి నమిలి పోయినేడే నా పన్ను ఊడింది! ఓటు పెట్టండి!"

నవ్వులు ఆగకముందే క్లాడెట్ చేతులు లెక్కపెట్టేసింది. నలభై మూడు, ముప్పై తొమ్మిది. తీర్మానం నెగ్గింది. లియోనార్డ్ చెయ్యి ఎటూ లేవలేదు.

పొద్దున వచ్చేసరికి హాలుకు తాళం. మంచు గచ్చు మీద రాళ్ళు జార్చే ఆట కోసం క్లాడెట్ మేనల్లుడు నడిపే కర్లింగ్ క్లబ్బు ఎండాకాలం ఖాళీగానే ఉంటుంది. అందరూ అక్కడికెళ్ళి, మంచు తీసేసిన సిమెంటు నేల మీద మడత కుర్చీలు వేసుకున్నారు. ఎదుటి చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంప కూరిన పెరొగీలు వండి పంపారు. పది గంటలకు లియోనార్డ్ ప్రొజెక్టర్ మోసుకుంటూ వచ్చాడు.

"నిన్న చెయ్యెత్తలేదు. తప్పే. తెర ఎక్కడ కట్టమంటావు?"

థోరా మనసు ఇంకా చల్లారలేదు. "ఆ స్కోరుబోర్డుకి కట్టండి. అందకపోతే కుర్చీ ఎక్కండి," అంది.

ఆయన ఎక్కాడు.

ఆ రోజంతా ఉపన్యాసాలు మాని, నకళ్ళు తీయడం నేర్చుకుంటూ గడిపారు. నెలాఖరున అన్నట్టే సర్వర్ ఆపేశారు. మర్నాడు పొద్దుటికి ఆ ఉత్తరాలు పదిహేడు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో తెరుచుకున్నాయి.

జులైలో ప్రిట్చర్డ్ థోరాను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. సంస్థ పరువు తీసినందుకు విచారిస్తున్నానని అందులో ఉంది.

"సంతకం పెడితే మీ సీటు మీకుంటుంది."

థోరా రెండుసార్లు చదివింది. "నాకు విచారం లేదు. లేనిదాన్ని ఉందని ఎలా రాయను?"

"అయితే రేపటినుంచి నేలమాళిగలో పుస్తకాలు సర్దుకోండి."

"పుస్తకాలంటే నాకు భయమా?"

నేలమాళిగలో రెండో వారం, పుస్తకాల బండి తోస్తుండగా ఫోను మోగింది. సరస్సు ఒడ్డునున్న గిమ్లీ అనే ఊరి నుంచి ఎవరో ముసలావిడ.

"మా అత్తగారి అటక మీద రెండు పెట్టెల ఉత్తరాలు దొరికాయమ్మా. అంతా ఆపేశారని విన్నాను. ఇంకా తీసుకుంటున్నారా?"

"ఎవరండీ ఆపేసింది? శనివారం వస్తాను. పెట్టెలు తడవకుండా చూడండి," అంది థోరా.