పెద్దకూర ఆవిరి

2024 జూలై 14, ఆదివారం. పెద్దవంగరలో పొద్దున ముసురు పట్టి, పదింటికల్లా తెరిపిచ్చింది. ప్రార్థన నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర పోగుల కోసం గిన్నెలు పట్టుకుని దేవదాసు ఇంటి ముందు నిలబడ్డారు.

ఆయన కొట్టంలో మేపిన దున్న కూరంటే చుట్టుపక్కల పేరు. మేత మిల్లుల్లో మిగిలేదే: తవుడు, కందిపొట్టు, పత్తిచెక్క. తవుడు ఎక్కువైతే కొవ్వు మెత్తబడి కారిపోతుంది, చెక్క ఎక్కువైతే గట్టిపడుతుంది. ఆ కొట్టంలో ఏదీ ఎక్కువయ్యేది కాదు. చిన్నప్పుడు దేవదాసు కూడా పత్తిచెక్క నమిలేవాడట, ఆ సంగతి ఇప్పుడెందుకు గాని. ఆ కూర ఉడికేటప్పుడు దున్నను మేపిన రోజులు ఆవిరిలో కనబడేవి. భార్య సరోజ మూత తీస్తే పిల్లలు ఓసారి చూసి ఆటకు పోయేవారు.

దేవదాసుకు మాత్రం ఆరేళ్లుగా కనబడలేదు, కళ్లకు పొరలు. జనగామ మిల్లులో గుమస్తాగా ఉన్న కొడుకు సంపత్ పంపే మేత సంచుల వల్లే ఆ రుచి అని ఆయన నమ్మకం. అందుకే కొట్టం అతని పేర రాయడానికి కాగితం సిద్ధమైంది. సంపత్ కొట్టాన్ని కూలగొట్టి దుకాణాలకు కిరాయికిచ్చే మడిగెలు కడతానన్నాడు. కొట్టం తప్ప వేరే బతుకు తెలియని కూతురు మంజుల ఆ మాట విని కొట్టంలోకి పోయింది.

కిందటి వారమే దవాఖానలో పొరలు తీశారు. సరోజ మూత తీయగానే దేవదాసు ముందుకు వంగాడు.

ఆవిరిలో మంజుల. వానలో నెత్తిన యూరియా సంచి కప్పుకుని చెక్క నానబెడుతోంది. తొట్టిలో వేలు ముంచి, ఉప్పు సరిపోయిందా అని నాలుకకు రాసుకుంటోంది. దున్న మొహం తిప్పుకుంటే ఇంకాస్త పొట్టు కలుపుతోంది.

"గిదంత నువ్వే చేస్తున్నవా బిడ్డా?"

"ఇంకెవలు చేస్తరు బాపు?"

"నాకెవ్వలూ చెప్పలే."

"నువ్వు గూడ చూస్తున్నవనుకున్నం," అంది సరోజ గరిటె తిప్పుతూ. "మూత తీసినప్పుడల్లా మొఖం గిన్నె మీదనే పెడ్తివి."

"వాసనకు పెట్టిన."

"సంచులు నాయే గద బాపు," అన్నాడు పక్కనే కూర్చున్న సంపత్.

"సంచులు మిల్లువిరా. నాలుక దానిది."

కాగితం మారింది. మరుసటి ఫిబ్రవరిలో దేవదాసు పోయాడు. ఇల్లు సరోజకు, కొట్టం, కుడితి తొట్లు మంజులకు వచ్చాయి. సంపత్‌కు ఏమీ రాలేదు. అయినా తవుడు పంపుతూనే ఉన్నాడు. ఆదివారం వచ్చి గిన్నె ముందు కూర్చుంటాడు, సంచులు బస్సెక్కిస్తున్న తన చేతులైనా ఆవిరిలో కనబడతాయేమోనని.