అడగని క్షమ

తేదీ — జూలై ఐదు, శనివారం. వేళ — సాయంత్రం, వాన మొదలయ్యే ముందు. స్థలం — మందిరం వెనుక గది.

హాజరైనవారు — సంఘ కాపరి అయ్యగారు. సంఘపెద్ద, ఒకప్పటి హెడ్మాస్టరు. కుట్టుపని చేసే ఆమె. ఆమె అన్న భార్య.

కాగితానికి ఎక్కనిది ఒకటుంది... వాసన.

తడి గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె నడిచిన వాసన.

రేపు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను అప్పుడే ఇస్త్రీ చేసి, మడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది కుట్టుపని ఆమె. అది ఇంకా వెచ్చగా ఉంది. నిద్రపోయిన పసిబిడ్డలా బరువుగా ఉంది.

కిటికీ అవతల మబ్బు.

ఆమె అన్న రాలేదు. వస్తే ఎవరి పక్కన కూర్చోవాలో తేలక, బాగానే ఉన్న స్కూటరుకు ఏదో రిపేరు కల్పించుకున్నాడు.

ఇదంతా ఒక సాక్ష్యంతో మొదలైంది.

ఆ సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. జ్వరం తగ్గినవారు చెబుతారు. ఉద్యోగం దొరికినవారు చెబుతారు. గత నెల ఆమె లేచింది. తల్లి పోయి అప్పటికి రెండు నెలలు. కళ్లనీళ్లతో, నిండు మనసుతో చెప్పింది.

"అమ్మ పోయిన మధ్యాహ్నం మా వదిన పక్కనే ఉండి నిద్రపోయింది. అమ్మ పిలిచిందో... దాహమే అడిగిందో... నాకు తెలీదు. ఎంతో పోరాడాను. ఈ రోజు ప్రభువు నాకు బలమిచ్చాడు. మా వదినను నేను క్షమించాను."

అందరూ హల్లెలూయ అన్నారు. కొందరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

వదిన మూడో వరుసలో కూర్చుని ఉంది. తాను దోషినని ఆమెకు ఆ క్షణం వరకూ తెలియదు.

క్షమ అంటే వాన అనుకుంది కుట్టుపని ఆమె. ఇంట్లో లేచిన దుమ్మంతా అణిగిపోతుందనుకుంది.

కురిసినవి వడగళ్లు.

వదిన క్రెష్‌లో ఆయా. చంటిపిల్లలను నిద్రపుచ్చడం, వాళ్లు లేచేదాకా తాను మేలుకుని ఉండడం — అదే ఆమె పని. వారం తిరక్కముందే తల్లులు గుసగుసలాడారు. "చావుబతుకుల్లో ఉన్న మనిషి పక్కనే కునుకు తీసిందట. మన పిల్లల్నేం చూస్తుంది?" క్రెష్ నడిపే ఆవిడా ఈ సంఘంలోని మనిషే. కొన్నాళ్లు రావద్దంది.

వదిన మందిరానికీ రావడం మానేసింది.

ఇప్పుడు ఈ గది. ఈ నాలుగు కుర్చీలు. పెద్దాయన రాసిన ఈ రాజీ కాగితం.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కామా దగ్గర ఆగుతూ, పూర్ణవిరామం దగ్గర ఊపిరి తీసుకుంటూ చదివాడు. "అత్తగారి చివరి ఘడియలో నిద్రపోయినందుకు నేను చింతిస్తున్నాను. నా ఆడపడుచు దయతో ఇచ్చిన క్షమను సంతోషంతో స్వీకరిస్తున్నాను. మా ఇద్దరి మధ్య ఇక ఏ విరోధమూ లేదు."

"చక్కగా కుదిరింది," అన్నారు అయ్యగారు. "ఇద్దరూ సంతకం పెట్టండమ్మా. క్రెష్ అమ్మగారికి నేనొక మాట చెబుతాను. సోమవారం నుంచి పనిలోకి రమ్మంటారు. రేపు ఇద్దరూ కలిసి బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకోవచ్చు."

"ఆ 'సంతోషంతో' ఉండాలాండీ?" అంది వదిన.

పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "అది తీసేస్తే వాక్యం కుంటుతుందమ్మా."

"కుంటనివ్వండి. నేనూ కుంటుకుంటూనే వచ్చాను కదా!"

వదిన కుర్చీలోనే ఇటు తిరిగింది.

"అమ్మాయ్... అత్తయ్య పోయిన ఆ శుక్రవారం పొద్దున నేను నిన్నేమడిగానో గుర్తుందా?"

గుర్తుంది.

గుర్తుండబట్టే ఆమె ఆ సాక్ష్యం చెప్పింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

ఆ పొద్దున వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడింది. జుట్టు ముడి వీడిపోయి ఉంది. ఎన్ని రాత్రుల జాగారమో, కళ్లు ఎర్రటి పుండ్లలా ఉన్నాయి. "ఈ ఒక్క పూట ఉండు అమ్మాయ్. కాస్త నడుం వాలుస్తాను," అంది.

ఆ రోజు ఉపవాస ప్రార్థన. పాట ఎత్తుకోవలసింది కుట్టుపని ఆమే. "దేవుని పని, వదినా. అమ్మ కోసమేగా ప్రార్థించేది!" అంటూ చెప్పులు తొడుక్కుంది.

అమ్మ కోసం ప్రార్థిస్తూ ఉండగానే అమ్మ పోయింది.

తల్లిదండ్రులకు చేయవలసింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పుకునేవారిని యేసు కోప్పడ్డాడు. ఆ భాగం ఆమె సండే స్కూల్లో చెప్పింది. బొమ్మలు గీసి మరీ చెప్పింది... పిల్లలకు.

అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్న భాగమూ చెప్పింది. నీకు ఎవరి మీద నొప్పి ఉందో వెతుక్కోమన్నట్టే ఇన్నేళ్లూ చదువుకుంది. ఆయన వెతకమన్నది, నీ మీద ఎవరికి నొప్పి ఉందో.

రేకుల మీద ఒక చినుకు పడింది. ఇంకొకటి.

"అయ్యగారూ," అంది కుట్టుపని ఆమె. "ఆ కాగితం తిరగరాయించండి. ఉండమని వదిన అడిగింది. నేను ఉండలేదు. క్షమించాల్సింది తను. నేను కాదు."

అయ్యగారి ముఖం వెలిగిపోయింది. "చూశారా పెద్దాయనా! ఎంత తగ్గింపు, ఎంత వినయం! విశ్వాసి మనసంటే ఇదీ. అమ్మా, రేపు ఈ మాటే సాక్ష్యంగా చెప్పు."

వదిన నవ్వింది. ఒక్కసారే — గొంతులో ముల్లు దిగినట్టు.

"మళ్లీనా! వద్దు తల్లీ. మొదటి సాక్ష్యానికి పని పోయింది. రెండోదానికి నన్నెక్కడికి పొమ్మంటారు?"

కలం అందుకుంది. చంటిపిల్లల చొక్కాకు గుండీలు పెట్టేంత ఓపిగ్గా, ఒక్కో అక్షరం పెట్టింది. "అప్పట్నుంచి పడుకోవాలంటే భయం నాకు," అంది... కాగితంతో అన్నట్టు.

కలం కుట్టుపని ఆమె చేతికొచ్చింది.

పెడితే అబద్ధం. పెట్టకపోతే సోమవారం వదినకు పని లేదు. ఆ శుక్రవారం తన భక్తికి వదిన నిద్ర కావలసివచ్చింది. ఇప్పుడు తన నిజానికి వదిన అన్నం కావాలి.

చినుకులు దగ్గరపడ్డాయి.

"ఈ ఒక్క పూట," అంది వదిన, ఆమె వైపు చూడకుండా, "నేనడిగింది చెయ్యి అమ్మాయ్."

ఆమె సంతకం పెట్టింది.

"నన్ను క్షమిస్తావా వదినా?" ఇద్దరికే వినపడేంత మెల్లగా అడిగింది.

వదిన లేచి గొడుగు వెతుక్కుంది. "సోమవారం పిల్లలు పొద్దున్నే వచ్చేస్తారు," అంది. తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

పెద్దాయన కాగితాన్ని అంచులు కలిపి మడిచాడు. బీరువా తెరిచాడు. "చెమ్మ తగలకుండా ఆ గుడ్డ కూడా ఇలా ఇవ్వమ్మా. రేపు పొద్దున్నే వచ్చి పరుస్తావుగా?"

ఆమె గుడ్డ ఇచ్చింది.

తెల్లటి మడతల మధ్య కాగితం పెట్టి, ఆయన తాళం వేశాడు.

బయట నేల తడుస్తోంది. గదిలో మాత్రం ఇంకా అదే... తడి గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె నడిచిన వాసన.

ఒళ్లో గుడ్డ లేదు.

వేడి ఉంది.