ఊఁ కొట్టని తల్లి

లస్మయ్య ముకాదం రెండు పనులు చేస్తాడు. పాలమూరు నుంచి కూలీలను తెచ్చి వర్లిలో లేస్తున్న బిల్డింగుల మీదికి ఎక్కిస్తాడు. వాళ్ళలో ఎవడైనా పడి చచ్చిపోతే, పదోరోజు సాయంత్రం కామాఠిపురాలో కూలీల ఇరుకు గదులున్న చాల్‌కు వచ్చి తానే వీరుడి కథ చెబుతాడు. ఎక్కించే నోరూ, ఏడిపించే నోరూ ఒకటే. అబ్బో, ఎంత సౌకర్యం!

ఈసారి నర్సమ్మ పెద్దకొడుకు సురేష్ వంతు. నడుముకు బెల్టు లేకుండా పరంజా ఎక్కాడు. బెల్టు అడిగినప్పుడు "మొగోనివేనారా నువ్వు?" అని నవ్వింది ఈ లస్మయ్యే.

ఇప్పుడు వరండాలో దీపం పెట్టి, కొత్త కండువా వేసుకుని ఘటోత్కచుడి కథ ఎత్తుకున్నాడు. ఎదురుగా నర్సమ్మ, పక్కన చిన్నకొడుకు కునాల్. పొద్దున లస్మయ్య వాడి భుజం మీద చెయ్యేసి, "అన్న జాగ ఖాళీ పెట్టొద్దు బిడ్డా. రేపటి సంది నువ్వే ఎక్కాలె. గదే ధర్మం," అన్నాడు. వాడు తలూపాడు. గుమ్మంలోంచి నర్సమ్మ అంతా చూసింది.

ఆ చాల్‌లో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి తల్లి ఊఁ కొడుతుంటేనే వీరుడి కథ సాగుతుంది. ఆమె ఊఁ అనందే వీరుడు కింద పడడానికి లేదు. ఇంతవరకూ ఏ తల్లీ అనకుండా ఉండలేదు, ఏడుస్తూనైనా అంది.

"ధర్మరాజు పిలిచిండు, ఘటోత్కచుడు కదిలిండు!"

"ఊఁ."

"కర్ణుని చేతుల ఒక్కటే శక్తి. అది అర్జునుని కోసం దాచిండు!"

"ఊఁ."

"మరి అర్జునుడు బతకాలె. గందుకే దేవుడు ఘటోత్కచుని ముందుకు తోలిండు! ఎంత త్యాగం! నొసటి రాత ఎవలు తప్పిస్తరు?"

నర్సమ్మ ఊఁ అనలేదు. త్యాగమట! అడవిలో హిడింబి ఆ కొడుకును ఏం తిని సాకిందో ఒక్కనాడూ అడగని చుట్టాలకు, చావు పని పడగానే వాడు గుర్తొచ్చాడు. వాడు పడిపోతే ఆ దేవుడు రథం మీద గంతులు కూడా వేశాడు. థూ, ఏం పెద్దమనుషులు!

"శక్తి వదిలిండు కర్ణుడు! ఆకాశంల నిలవడ్డ వీరుడు..." లస్మయ్య ఆగి చూశాడు. "అక్కా, ఊఁ అను. కథ ఆగింది."

"ఆగనీ. అర్జునుడు యాడున్నడు లస్మయ్యా?"

"రథం మీద."

"మరి నీ నిలేష్ యాడున్నడు?"

లస్మయ్య కొడుకు నిలేష్ ఫోరస్ రోడ్డులో, తండ్రి పెట్టించిన మొబైల్ దుకాణంలో ఫ్యాను కింద కూర్చుంటాడని అందరికీ తెలుసు.

"మీ ఇంట్ల పుట్టినోళ్లంత అర్జునులు, మా ఇంట్ల పుట్టినోళ్లంత ఘటోత్కచులా? ధర్మం గంత తియ్యగుంటే మొదలు నీ కొడుక్కి తినవెట్టు!" అంది నర్సమ్మ.

"నడుమల ఆపితె సురేష్‌కు గతి ఉండదు," అని కసిరాడు లస్మయ్య. "కునాల్, మీ అమ్మకు అక్కల్ లేదు. నువ్వన్న ఊఁ అను."

కునాల్ నోరు తెరిచాడు. నర్సమ్మ అరచెయ్యి పెట్టి ఆ నోరు గట్టిగా మూసింది. మీసం సరిగా రాని పెదవి చేతికి తగిలి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా చెయ్యి తియ్యలేదు.

దీపంలో నూనె అయిపోయేదాకా లస్మయ్య కూర్చున్నాడు. తరవాత కండువా దులుపుకుని, తిట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. వీరుడు ఆకాశంలోనే ఉండిపోయాడు.

తెల్లారి కింది నుంచి లస్మయ్య కేక వినిపించింది. "కునాల్! గాడీ వచ్చింది, దిగు!"

కునాల్ నోట్లో బ్రష్షుతో వరండాలోకి వెళ్ళి కిందికి వంగాడు. లోపల స్టవ్ దగ్గర నర్సమ్మ గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది.

వాడు నురగ ఉమ్మి, "నేను రాను మామా! నిలేష్‌ను తోల్కపో!" అని అరిచాడు.

"ఊఁ," అంది నర్సమ్మ.