ఆరో ముడి

మిద్దె మీది తొట్టిలో నీళ్ళు తగ్గి, కరెంటు ఉంటే, రెబెకమ్మ ఇంటి మోటారు దానంతట అదే తిరుగుతుంది. తొట్టి నిండగానే ఆగిపోతుంది. 1996 మార్చిలో ఉదయగిరిలో ఆ వింత చూడని మనిషి లేడు, పక్కింటి లిదియమ్మ తప్ప. ఆమెకు చూడవలసిన అవసరం లేదు. ఇది జరిగితేనే అది జరగాలన్న సూత్రాన్ని ఆత్మకూరు హైస్కూల్లో నల్లబల్ల మీద గీసి జయపాల్‌కు నేర్పింది ఆమే. అతడిప్పుడు అక్కడే రేడియో రిపేరు షాపు నడుపుతున్నాడు. మోటారును అలా నడిపే పెట్టె తనకొకటి చేసిపెట్టమని నిరుడు అడిగితే, "చూద్దాం టీచరమ్మా" అన్నాడు. చేసిపెట్టింది రెబెకమ్మకు.

"స్విచ్చి ముట్టుకొని నెలయింది వదినా," అంది రెబెకమ్మ గోడ మీదుగా. "నువ్వింకా చేంతాడు లాగతానే ఉండావా?"

"చేతులున్నాయి కాబట్టి," అంది లిదియమ్మ.

రెండిళ్ళకూ బావి ఒకటే, లిదియమ్మ పెరటి వైపు. ఆమె చేంతాడుకు బారకొక ముడి. బొక్కెన నీటికి తగిలేసరికి గిలక మీదికి ఏడో ముడి వచ్చిందంటే, మోటారు ఇక గాలి పీల్చవలసిందే. పెట్టెకు తొట్టి సంగతి తెలుసు, కరెంటు సంగతి తెలుసు. బావి సంగతి తెలియదు. జయపాల్ ఎరిగినవి కాలువ ఊటతో నిండుగా ఉండే ఆత్మకూరు బావులు. ఈ లోపాన్ని లిదియమ్మ మొదటి రోజే కనిపెట్టింది. చెప్పలేదు. ఎవరడిగారు గనుక?

ఏప్రిల్‌లో ఒక ఉదయం రెబెకమ్మ స్త్రీల కూటానికి వెళ్ళి ఉండగా మోటారు గొంతు మారింది. లిదియమ్మ చేతులు కట్టుకుని విన్నది. ఇనుము వేడెక్కిన వాసన వచ్చింది. కాలిపోనీ అనుకుంది. కానీ కాలిపోతే జయపాల్ కొత్త మోటారు తెచ్చి అదే పెట్టెకు బిగిస్తాడు. తప్పెక్కడుందో ఎవరికీ తెలియదు. తెలియాలి. వెళ్ళి ఫ్యూజు పీకింది.

రెబెకమ్మ కబురు పంపితే సాయంత్రం బస్సుకు జయపాల్ వచ్చాడు. బావిలో నీళ్ళు అడుగంటినా పెట్టెకు తెలియడం లేదని లిదియమ్మ ఇద్దరికీ చెప్పింది.

"బావిలోకి రెండు తీగలు దించతాను టీచరమ్మా. నీళ్ళు వాటికి తగలకపోతే మోటారు తిరగదు. ఎంత లోతుకు దించేది?"

"చెప్తాను. పెట్టె మాత్రం నా గోడకు ఉండాలి."

రెబెకమ్మ నవ్వింది. "అంతేనా వదినా? అట్నే కొట్టించుకో. నీళ్ళు నాకొస్తే చాలదా?"

లిదియమ్మ ముఖం తిప్పుకుని జయపాల్‌తో అంది: "ఆరో ముడికి దించు. ఏడుకు కాదు."

ఇప్పుడు చూడవచ్చేవాళ్ళందరూ లిదియమ్మ వసారాలోకే వస్తారు. పెట్టె ఏమేమి చూసుకుని మోటారు వేస్తుందో ఆమె తడుముకోకుండా చెబుతుంది. వాళ్ళు వెళ్ళిపోయాక పెట్టె టక్కుమంటుంది. గోడకవతల రెబెకమ్మ తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలవుతుంది. అది ఆగేదాకా విని, లిదియమ్మ బొక్కెన దించి ముడులు లెక్కపెడుతుంది. ఆరు.