గూడ తాడు

పొద్దున్నే దేవరకొండ బాటన పోయేవాళ్లు కుంట గట్టున జానయ్యనూ, అతని భార్య అండాలునూ చూసి మెచ్చుకునేవాళ్లు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, నీళ్లు తోడే గూడ బుట్టకు కట్టిన తాళ్లు చెరోపక్క పట్టుకుని, కుంటలో ముంచి ఎత్తి పొలం కాలువలోకి నీళ్లు కుమ్మరిస్తుండేవారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే పని. “ఆలుమగలంటే గట్లుండాలె!” అనుకుంటూ పోయేవాళ్లు. అయ్యా, మెచ్చుకున్న ఆ నోళ్లలో ఒక్కటైనా “జర కూసోండ్రి” అని ఉంటే ఈ కథ రాసే అవసరం నాకు ఉండేది కాదు.

ఆ మడి మొన్నటిదాకా దొరది. దొరలమీద తిరగబడ్డ రైతుల సంఘం వెట్టి మాన్పించింది. దొర పట్నం పారిపోయాడు. మడి జానయ్యకు పంచారు. వెట్టి రోజుల్లో ఈ ఇద్దరూ దొర పొలానికే గూడ వేసేవారు. అక్కడొక కట్టడి ఉండేది: జంటలో ఎవరు ముందు తాడు విడిస్తే, కొరడా రెండోవాళ్ల వీపున పడేది. ఎంత పాపిష్టి తెలివో చూడండి! తన నొప్పి ఎవరైనా ఓర్చుకుంటారు, తనవాళ్ల నొప్పి ఎట్లా ఓర్చుకుంటారు? చేతులు బొబ్బలెక్కినా అండాలు తాడు విడిచేది కాదు, జానయ్యా విడిచేవాడు కాదు.

దొర పోయాడు గాని, ఆ కట్టడి వాళ్ల ఒంట్లోనుంచి పోలేదు.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడాది వానలు వెనకపట్టాయి. వరి పాలు పోసుకుంటోంది. దొర మిలిటరీని వెంటబెట్టుకుని వస్తాడని ఊరంతా గుసగుసలు. ఆలోగా పంట ఇల్లు చేరాలని ఆలుమగల ఆరాటం. అప్పుడే అండాలుకు చలిజ్వరం తగులుకుంది. ఆమె తల్లి లీలమ్మ గట్టుమీదికి గంజి తెచ్చి మొత్తుకుంది.

“ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. జర నీడకు కూసో బిడ్డా.”

“దొర పొలంల కూసుంటే భయమైతుండె అమ్మా. మన పొలంల కూసుంటే సిగ్గైతాంది.”

“సిగ్గా! ఎవలు చూస్తుండ్రే నిన్ను?”

అండాలు మొగుని వైపు చూసింది. అతని భుజాలు లాగేస్తున్నాయి. ఆమె “ఆగు” అంటే చాలు, అక్కడే కూలబడేట్టున్నాడు. కానీ ఆమె అనలేదు, తాడు అందుకుంది. అతడూ అందుకున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చాక గూడ ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. అండాలు కాలువలో పడిపోయింది. జానయ్య ఆమెను ఎత్తి నీడన పడుకోబెట్టాడు. నల్లగొండ దవాఖానకు బండి కట్టించడానికి లీలమ్మ ఊళ్లోకి ఉరికింది. అండాలు కళ్లు తెరిచి, మొగుని వీపు తడిమింది.

“తాడిడిసిన గదా... నిన్ను కొట్టిండ్రా?”

“ఎవలు గొడ్తరే? ఎవలు లేరే ఈడ!” జానయ్య గొల్లుమన్నాడు.

ఆమె నమ్మలేదు. ఆ వీపు తడుముతూనే కన్నుమూసింది. బండి వచ్చేసరికి అంతా అయిపోయింది.

వరి పండింది. అన్నట్టే దొర వచ్చాడు. అతని మనుషులు మడి కోసుకుపోతుంటే జానయ్య గట్టున కూర్చుని చూశాడు. ఆ పొలంలో అతడు కూర్చోవడం అదే మొదలు.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు అదే కుంట దగ్గర ఓ పడుచు జంట రొప్పుతూ గూడ వేస్తుంటే ముసలి జానయ్య పోయి తాడు పట్టి ఆపాడు.

“ఆ పొద్దు నేనూ అలిసిన, బిడ్డా. ఆమె ఆగుమంటదని నేను చూసిన. నేనంటనని ఆమె చూసింది. ఇద్దరం అనలే. కొరడా పట్టెటోడు లేకున్నా దెబ్బలు తిన్నం. అలుపొస్తే తాడు దించుండ్రి. ముందుగాల కూసున్నోళ్లదే తప్పని మనకు నేర్పింది దొర. అది మర్చిపోండ్రి.”

“అట్లనే తాతా” అన్నారు వాళ్లు. అతడు నాలుగడుగులు వేశాడో లేదో, వెనక గూడ మళ్లీ నీళ్లలో మునిగిన చప్పుడయింది.

అలసిన మనిషి కూర్చోవడం తప్పు కాదు. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి మనకు ఇంకెందరు అండాళ్లు కావాలి?